మహేంద్రగిరికి మూట కట్టే ముందు ప్రతి వస్తువునీ కాటా మీద పెట్టాం: నా అనుభవం

క్యాంపింగ్ సామాన్లు కొనాలనుకునేవాళ్ళకి అసలు మాట ముందే చెప్పేస్తాను. మన తూర్పు కనుమల్లో ఒకటి రెండు రాత్రులు గడపడానికైతే డబ్బు ముందుగా పెట్టాల్సింది టెంటు మీద కాదు, ఒంటి కింద పరుచుకునే దాని మీద. బరువు తగ్గించుకోవడానికైతే మొదట్లో అసలు డబ్బే పెట్టక్కర్లేదు, ఎందుకంటే మొదటి రెండు కిలోలు రూపాయి ఖర్చు లేకుండానే దిగిపోతాయి. ఈ రెండు ముక్కలు తేలడానికి మాకు వర్షాకాలం అంతా పట్టింది, అదెలా తేలిందో వివరంగా రాస్తున్నాను, ఎందుకంటే మన వైపు వాతావరణానికి, మన జేబుకి తగ్గట్టు తెలుగులో ఎవరైనా రాశారేమోనని నేను చాలా వెతికాను. దొరికినవన్నీ హిమాలయాల లెక్కలే.

మాది పర్లాకిమిడి, ఒడిశా గజపతి జిల్లా. మహేంద్రతనయ దాటితే పాతపట్నం, అంటే ఆంధ్రా. ఊళ్ళో మాకు కిరాణా కొట్టు ఉంది, మావయ్యగారు, మా ఆయన, నేను చూసుకుంటాం. మా ఆడపడుచు బరంపురంలో ఉద్యోగం చేస్తుంది. మహేంద్రగిరి మీద ఒక రాత్రి ఉండాలన్న కోరిక తనదే. 1501 మీటర్ల కొండ, పైన భీముడి గుడి, కుంతి గుడి, యుధిష్ఠిరుడి గుడి ఉన్నాయి, శివరాత్రికి జనం విరగబడతారు. ఆ జనం లేనప్పుడు, చలికాలంలో, నడక దారిన ఎక్కి పడుకుని రావాలని తన ఆశ. "వదినా, బండి మీద పోతే కొండ ఎక్కినట్టు కాదు" అంటుంది. సరే అన్నాం. అన్నాక మొదలైంది సామాన్ల చర్చ.

మొదట ఇంట్లో ఉన్నవే పోగేశాం. ఎవరికి ఏం కావాలనిపిస్తే అది తెచ్చి హాల్లో కుప్ప పోశారు. చూడగానే మావయ్యగారు "ఇదంతా మొయ్యాలంటే గాడిదని తోలుకెళ్ళాలమ్మా, ముందు కాటా మీద పెట్టి చూడండి" అన్నారు. కొట్లో ఎలక్ట్రానిక్ కాటా ఉంది, అయిదు గ్రాముల తేడా కూడా పట్టేస్తుంది. సాయంత్రం బేరాలు తగ్గాక ఒక్కొక్క వస్తువూ దాని మీద పెట్టి, పాత లెడ్జరులో ఖాళీ పేజీ తీసి రాసుకున్నాం. మీరు ఏ సలహా పాటించినా పాటించకపోయినా ఈ పని మాత్రం చెయ్యండి. ఇంట్లో కాటా లేకపోతే లగేజీ తూచే కొక్కెం కాటా ఆన్‌లైన్‌లో మూడు నాలుగు వందలకి వస్తుంది, లేదా మీ వీధి కొట్టుకి వెళ్ళండి, మాలాంటి వాళ్ళం కాదనం.

చేత్తో పట్టుకుని చూసినప్పుడు ఏ వస్తువూ బరువుగా ఉండదు. జీన్స్ ప్యాంటు 640 గ్రాములు తూగింది, దాని బదులు ట్రాక్ ప్యాంటు 240. టర్కీ తువ్వాలు 450, మన ఒడిశా గమ్‌చా 130, పైగా గమ్‌చా తడిపి పిండి సంచి మీద వేసుకుని నడుస్తుంటే అరగంటలో ఆరిపోతుంది, తలకి చుట్టుకోవచ్చు, గిన్నె పట్టుకోవచ్చు, మెడకి చుట్టుకుని పడుకోవచ్చు. లీటరు స్టీలు బాటిళ్ళు రెండూ కలిపి 700 గ్రాములు, అదీ ఖాళీవి. వాటి బదులు నీళ్ళు కొనుక్కున్నప్పుడు వచ్చే ప్లాస్టిక్ బాటిళ్ళు రెండు కలిపినా 60 గ్రాములు దాటలేదు. 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు 410 గ్రాములు, ఒక్క రాత్రికి అంత ఛార్జింగు దేనికి, మా ఆయన జేబులో తిరిగే చిన్నది 210. స్టీలు గిన్నె, మూత, కంచాలు కలిపి 1,100 గ్రాములు, అటక మీదున్న సత్తు గిన్నె మూతతో సహా 260, అందులోనే వండుకుని అందులోనే తినొచ్చు. ఈ అయిదు మార్పులకే 2 కిలోల 400 గ్రాములు దిగిపోయాయి. ఖర్చు సున్నా.

నిపుణులు సాధారణంగా చెప్పేది, రాత్రి మకాం ఉండే నడకల్లో మోసే బరువు మన ఒంటి బరువులో అయిదో వంతు దాటకూడదని. నేను 54 కిలోలు, అంటే నా వాటా 11 కిలోల లోపు ఉండాలి, అది నీళ్ళు, తిండి అన్నీ కలిపి. విదేశాల్లో బాగా తేలిగ్గా నడిచేవాళ్ళు తిండి, నీళ్ళు, గ్యాసు తీసేసి మిగతా సామాను బరువు లెక్క వేస్తారు, అది 10 పౌండ్లు, అంటే నాలుగున్నర కిలోల లోపు ఉంటేనే 'అల్ట్రాలైట్' అంటారట. నాలుగున్నర కిలోలకి రావాలంటే మనకి బోలెడు డబ్బు కావాలి, లేదా బోలెడు ఓర్పు కావాలి. ఎమ్మా గేట్‌వుడ్ అని అమెరికాలో ఒక పెద్దావిడ, 1955లో 67 ఏళ్ళ వయసులో అపలేచియన్ ట్రెయిల్ మొత్తం, అంటే మూడు వేల కిలోమీటర్ల పైన, ఒంటరిగా నడిచింది. ఇంట్లో కుట్టుకున్న గుడ్డ సంచి భుజాన వేసుకుని, టెంటు బదులు బాత్రూం కర్టెన్ పట్టుకుని, మామూలు కాన్వాసు బూట్లతో. ఆవిడ గురించి చదివినప్పటి నుంచి నాకు ఖరీదైన సామాన్ల మీద భక్తి చాలా తగ్గింది, ఆవిడ మీద పెరిగింది.

అయితే ఆవిడకున్న ఓర్పు నాకు లేదు, నాకు నిద్ర కావాలి. నిద్ర చెడితే మర్నాడు దిగేటప్పుడు కాళ్ళు వణుకుతాయి, కొండల్లో జారిపడేది ఎక్కువగా దిగేటప్పుడే. అందుకని సుఖం అంటే మెత్తదనం అని కాకుండా, నిద్ర పట్టడం అని పెట్టుకుని లెక్క మొదలుపెట్టాం. దాంతో కొనాల్సిన వరస మొత్తం మారిపోయింది.

చలి పైనుంచి కంటే కింద నుంచే ఎక్కువ లాగుతుంది. స్లీపింగ్ బ్యాగు ఎంత మంచిదైనా, మన ఒంటి బరువుకి కింద భాగం నలిగి చప్పబడిపోతుంది, అందులో గాలి నిలవదు, గాలి నిలవకపోతే వేడీ నిలవదు. అంటే కింద వైపు మనల్ని కాపాడేది పరుపు మాత్రమే. దీని శక్తిని 'ఆర్ వాల్యూ' అనే అంకెతో చెప్తారు, ఎక్కువ ఉంటే నేల చలి అంత తక్కువ ఎక్కుతుంది. చుట్టలా చుట్టుకునే లేదా మడత పెట్టుకునే మంచి ఫోమ్ మ్యాట్లకి ఈ అంకె 2 దగ్గర ఉంటుంది, బరువు 400 గ్రాముల లోపు. గాలి ఊదుకునే పరుపులు చాలా మెత్తగా ఉంటాయి కానీ లోపల దూది గానీ రేకు పొర గానీ లేని చౌక రకం అయితే మూడు అంగుళాల మందం ఉన్నా చలి ఆపవు, ఎందుకంటే లోపలి గాలి అటూ ఇటూ తిరుగుతూ వేడిని నేలకి చేరవేస్తుంటుంది. చలి ఆపే రకం కావాలంటే నాలుగైదు వేలు పైమాటే. ఆపైన మన అడవుల్లో ముళ్ళు. ఫోమ్‌కి ముల్లు గుచ్చుకుంటే ఏమీ కాదు, గాలి పరుపుకి గుచ్చుకుంటే అర్ధరాత్రి నేల మీదే పడుకోవాలి.

చాలామందికి తెలియని సంగతి ఏంటంటే ఈ ఆర్ వాల్యూలు కూడిక అవుతాయి. ఒక మ్యాటు మీద ఇంకొకటి వేస్తే రెండు అంకెలూ కలుస్తాయి. మా ఆయన, మా ఆడపడుచు, నేను, ముగ్గురికి నాలుగు ఫోమ్ మ్యాట్లు కొన్నాం, ఒక్కొక్కటి ఎనిమిది వందల లోపు. నాలుగోదాన్ని కత్తితో అడ్డంగా రెండు ముక్కలు చేసి, భుజాల నుంచి తుంటి దాకా వచ్చేట్టు నాకు ఒకటి, మా ఆడపడుచుకి ఒకటి. దాని బరువు 190 గ్రాములు. నేను పెట్టిన డబ్బులో అన్నిటికంటే బాగా గిట్టుబాటు అయింది ఆ ముక్కే. పగలు విశ్రాంతికి రాతి మీద పరుచుకుని కూర్చోవడానికీ అదే.

ఇంట్లో యోగా మ్యాట్ ఉంది కదా అంటారు. తూచి చూడండి, మాది కిలో దాటింది, పైగా నొక్కేసినట్టు గట్టిగా ఉంటుంది, చలి అంతగా ఆపదు.

స్లీపింగ్ బ్యాగు దగ్గర మాకు ఎక్కువ వాదన జరిగింది. బ్యాగుల మీద రెండు మూడు టెంపరేచర్లు రాసి ఉంటాయి, కంఫర్ట్, లిమిట్, ఎక్స్‌ట్రీమ్ అని. ఇది అంతర్జాతీయ పరీక్ష పద్ధతి. అందులో కంఫర్ట్ అంకె మామూలు స్త్రీ ఒళ్ళు వదులుగా పెట్టుకుని హాయిగా పడుకోగలిగే చలికి, లిమిట్ అంకె మామూలు పురుషుడు ముడుచుకుని పడుకుంటే తట్టుకోగలిగే చలికి లెక్క. ఎక్స్‌ట్రీమ్ అంటే ప్రాణం నిలబడ్డానికే, నిద్రకి సంబంధం లేదు. ఆన్‌లైన్‌లో కొన్ని చౌక బ్యాగుల మీద ఒకే ఒక అంకె పెద్దగా వేసి ఉంటుంది, అది ఏ అంకో చెప్పరు. అలాంటివి ఎంత తక్కువకి వచ్చినా వదిలెయ్యండి. ఆడవాళ్ళు తప్పకుండా కంఫర్ట్ అంకె చూసే కొనాలి. మా ఆయన చలికాలంలో కూడా ఫ్యాను వేసుకునే మనిషి, ఆయనకి సరిపోయిన బ్యాగు నాకు సరిపోదు.

మా కొండల మీద డిసెంబరు, జనవరి రాత్రుల్లో చలి గట్టిగానే ఉంటుంది, కొరాపుట్, సెమిలిగుడ వైపు అయితే పది డిగ్రీల కిందకి దిగిపోతుంది. అయినా ఇది మంచు పడే చోటు కాదు. 10 డిగ్రీల కంఫర్ట్ ఉన్న సింథటిక్ బ్యాగు 1,300 గ్రాములు, రెండు వేల రెండు వందల చిల్లర. 5 డిగ్రీల కంఫర్ట్ ఉన్న డౌన్ బ్యాగు, అంటే బాతు ఈకల కింద ఉండే మెత్తటి నూగు నింపింది, 850 గ్రాములు, తొమ్మిది వేలు. మా ఆడపడుచు ముందు ముందు హిమాలయాలకి కూడా వెళ్తానంది, డౌన్ తీసుకుంది, తనకి అది సరైన పనే. నేను సింథటిక్ తీసుకున్నాను. డబ్బు ఒక కారణం, తేమ ఇంకో కారణం. డౌన్ తడిస్తే అణిగిపోయి వేడి ఇవ్వదు, ఎండబెట్టడం పెద్ద పని, మా దగ్గర చలికాలంలో తెల్లవారుజామున పడే మంచు బిందువులకి గడ్డి అంతా వాన పడ్డట్టే ఉంటుంది. సింథటిక్ తడిగా ఉన్నా కాస్తో కూస్తో కాపాడుతుంది. 10 డిగ్రీల కంటే చలి దిగితే స్వెట్టరు, మంకీ క్యాపు, పొడి సాక్సులు వేసుకుని దూరిపోవడమే, అవి ఎలాగూ మోస్తున్నాం కదా.

ఇక్కడే మావయ్యగారు ఒక లెక్క నేర్పారు. వ్యాపారం చేసేవాళ్ళకి ఇది సహజంగా వచ్చే లెక్క, మిగతావాళ్ళకి తట్టకపోవచ్చు. రెండు వస్తువుల మధ్య తేల్చుకోలేనప్పుడు, తగ్గే ప్రతి వంద గ్రాములకి ఎంత పడుతోందో చూడమన్నారు. ఆ రెండు బ్యాగుల మధ్య 450 గ్రాముల తేడా, ధరలో 6,800 తేడా, అంటే వంద గ్రాములకి పదిహేను వందలు. తువ్వాలు మారిస్తే వంద గ్రాములకి సున్నా. ముందు సున్నా దగ్గరవి అన్నీ అయిపోవాలి, తర్వాత వందల్లో పడేవి, చివరికి డబ్బు మిగిలితే వేలల్లో పడేవి. లెడ్జరు పేజీలో పక్కన ఇంకో గడి గీసి ఈ అంకె కూడా రాశాం. అది రాశాక ఇంట్లో వాదనలు చాలావరకు ఆగిపోయాయి.

టెంటుకి కూడా అదే లెక్క. ముగ్గురికి ఒకే టెంటు అనుకున్నాం, ఎందుకంటే రెండు చిన్న టెంట్ల కంటే ఒక పెద్దది మనిషికి తక్కువ బరువు పడుతుంది. రెండు పొరల గుమ్మటం టెంటు, 3 కిలోల 400 గ్రాములు, అయిదున్నర వేలు. ఇంకోటి 2 కిలోల 200 గ్రాములు, పద్నాలుగు వేలు. వంద గ్రాములకి ఏడు వందలు పడుతోంది, ఆ 1,200 గ్రాముల తేడా కూడా ముగ్గురి మీద పంచితే తలకి 400 గ్రాములే. అంటే ఎనిమిదిన్నర వేలు పోసి తగ్గించుకునేది స్టీలు బాటిళ్ళు వదిలేస్తే తగ్గిన దాని కంటే తక్కువ. బరువైనదే కొన్నాం. లోపలి పొర, పెగ్గులు అంటే నేలలో దిగ్గొట్టే మేకులు మా ఆయన సంచిలో, పై పొర మా ఆడపడుచు దగ్గర, కర్రలు, నేల పట్టా నా దగ్గర.

టెంటులో బరువు చూసే ముందు చూడాల్సినవి వేరే ఉన్నాయి. ఒకే పొర ఉన్న రెండు వేల లోపు టెంట్లు మా తేమకి పనికిరావు, రాత్రి మన ఊపిరే గోడలకి నీళ్ళై పట్టి తెల్లారేసరికి బ్యాగుల మీద కారుతుంది. రెండు పొరలుంటే ఆ నీళ్ళు పై పొరకి పట్టి పక్కకి జారిపోతాయి, లోపలి పొర దోమతెరలా గాలి ఆడేది అయితే మరీ మంచిది, వేసవికీ పనికొస్తుంది. కర్రలు ఫైబర్‌గ్లాసు అయితే చౌక, బరువు, ఎప్పుడో ఒకప్పుడు నిలువునా చీలతాయి. అల్యూమినియం అయితే తేలిక, ఖరీదు. మేము ఫైబర్‌గ్లాసుతోనే సర్దుకుని, చీలితే తొడగడానికి జానెడు అల్యూమినియం గొట్టం, కాస్త టేపు పెట్టుకున్నాం. ఇంకోటి, బాగా తేలిక టెంట్లలో చాలావాటికి సొంత కర్రలు ఉండవు, నడక కర్రల మీద నిలబెట్టి చుట్టూ మేకులు దిగ్గొట్టి లాగి కట్టాలి. మహేంద్రగిరి పైన చాలా చోట్ల రాయి, మేకు దిగదు. తనంతట తాను నిలబడే గుమ్మటం అయితే పెగ్గు దిగని చోట తాడుని రాయికి చుట్టేస్తే చాలు. ఇది కొండ చూసినవాళ్ళని అడిగితే తెలిసేదే గానీ టెంటు ప్రకటనలో ఉండదు.

నేల పట్టాకి ప్రత్యేకమైన గుడ్డ అమ్ముతారు, రెండు వేల దాకా. మా వైపు రైతులు ధాన్యం ఆరబెట్టుకోవడానికి వాడే బరకాల షాపులో అడిగితే జీఎస్ఎం లెక్కన పల్చటివి దొరుకుతాయి. జీఎస్ఎం అంటే చదరపు మీటరుకి ఎన్ని గ్రాములో. 70 జీఎస్ఎం పట్టా రెండు మీటర్లకి రెండు మీటర్లు తీసుకుంటే 280 గ్రాములు, కాటా అక్కర్లేకుండానే తెలిసిపోతుంది. టెంటు అంచు దాటి బయటికి రాకుండా మడిచి వెయ్యాలి, లేకపోతే వాన నీళ్ళు దాని మీద పడి టెంటు కిందకే వస్తాయి.

వాన అంటే గుర్తొచ్చింది, సంచికి పైన తొడిగే రెయిన్ కవరు కొనకండి. వీపు వైపు అది ఉండదు, నీళ్ళు అటు నుంచి దిగుతాయి. పంచదార బస్తా లోపల దళసరి ప్లాస్టిక్ సంచి ఉంటుంది చూడండి, దాన్ని కడిగి ఆరబెట్టి మన సంచి లోపల పెట్టి, బట్టలు, బ్యాగు అందులో వేసి మూతి మెలితిప్పి కట్టేస్తే చుక్క నీరు పోదు. ఏ కిరాణా కొట్లో అడిగినా ఊరికే ఇచ్చేస్తారు.

వీపు సంచి అన్నిటికంటే చివర కొన్నాం, కావాలనే. సామాను ఎంత చోటు తీసుకుంటుందో తెలియకుండా సంచి కొంటే పెద్దది కొంటాం, పెద్దది ఉంటే నింపేస్తాం. విశాఖ వెళ్ళినప్పుడు డెకత్లాన్‌లో గంటలకొద్దీ వేసుకుని చూశాం. ఖాళీ సంచి వేసుకుని చూస్తే ఏమీ తెలియదు, అందుకని అక్కడే ఉన్న బరువైన సామాన్లు నింపుకుని షాపులో అటూ ఇటూ నడిచాం. మెడ వెనక వంచితే తగిలే ఎముక నుంచి నడుం ఎముక పై అంచు దాకా ఉన్న కొలత చూడాలి, మనిషి ఎత్తు కాదు. నా కొలత చిన్నది, మగవాళ్ళ సంచి వేసుకుంటే నడుం పట్టీ తుంటి కిందకి దిగిపోయి బరువంతా భుజాల మీదే పడింది. పట్టీ సరిగ్గా తుంటి ఎముకల మీద బిగిస్తే బరువులో ఎక్కువ భాగం కాళ్ళకి దిగుతుంది, భుజాలకి మిగిలేది కొంచెమే. లోపల ఫ్రేము, మంచి పట్టీ ఉన్న 45 లీటర్ల సంచి 1,500 గ్రాములు. ఫ్రేము లేనిది 700 గ్రాములే, కానీ ఎనిమిది తొమ్మిది కిలోలు దాటితే అది భుజాలు కోసేస్తుంది. 800 గ్రాములు ఎక్కువైనా ఫ్రేము ఉన్నదే తీసుకున్నాను. కాటా మీద బరువు, ఒంటి మీద బరువు ఒకటి కావు, ఇది సంచి ఒక్కదాని విషయంలోనే ఇంత స్పష్టంగా తెలుస్తుంది.

ఇంటికి తెచ్చాక కొట్లోని కిలో బియ్యం ప్యాకెట్లు ఎనిమిది వేసుకుని మేడ మెట్లు ఎక్కి దిగాను, తర్వాత పది, తర్వాత పన్నెండు. పది దాకా ఊపిరి ఆడింది గానీ పన్నెండుకి మెట్టు మెట్టుకీ మోకాలు పలికింది. నా హద్దు పదిన్నర అని అక్కడే రాసుకున్నాను. ఎవరి హద్దు వాళ్ళే ఇలా చూసుకోవాలి, ఒంటి బరువులో వంతు అనేది మొదలుపెట్టడానికి మాత్రమే.

తిండి, నీళ్ళు. ఇక్కడ బరువు మొత్తం నీళ్ళదే, లీటరు అంటే కిలో, దాన్ని తగ్గించే టెక్నాలజీ లేదు. దారిలో ఎక్కడ ఊట ఉందో ముందే అక్కడి సవర గిరిజనుల ఊళ్ళ వాళ్ళని అడిగి, క్లోరిన్ మాత్రలు పెట్టుకుని, రెండు లీటర్లకి మించి మొయ్యకుండా వెళ్ళాం. మాత్ర వేశాక అరగంట ఆగాలి. వంటకి గ్యాసు స్టవ్ అనుకున్నాం, చిన్న గ్యాసు డబ్బా లోపలి గ్యాసే 230 గ్రాములు, డబ్బా బరువు వేరే, స్టవ్ వేరే, పైగా గ్యాసు రైల్లో తీసుకెళ్ళనివ్వరు. కట్టెలతో మంట పెట్టడం నాకు ఇష్టం లేదు, ఆ కొండ మీద ఎండుగడ్డి అంటుకుంటే ఆపేవాళ్ళు ఉండరు. అందుకని వండకుండా తినేవి పట్టుకెళ్ళాం. మొదటి పూటకి పులిహోర, తర్వాత అటుకులు, బెల్లం, వేయించిన పల్లీలు, జంతికలు, ఒడియా ఇళ్ళలో చేసే ఛతువా, అంటే వేయించిన గింజల పిండి. ఛతువాలో నీళ్ళు, బెల్లం కలిపితే చాలు, కడుపు నిండుతుంది. పల్లీలు వంద గ్రాములకి 560 క్యాలరీల పైన ఇస్తాయి, అటుకులు 350 దగ్గర, అంటే అదే బరువుకి పల్లీలతో ఎక్కువ దూరం నడవచ్చు. ఒక్క టీ దగ్గర మా ఆడపడుచు పట్టు వదల్లేదు. "వదినా, తెల్లారి ఆ చలిలో టీ లేకపోతే నేను బ్యాగులోంచి బయటికి రాను" అంది. చిన్న ఫ్లాస్కులో సాయంత్రం దిగువ ఊళ్ళో టీ పోయించుకుని తన సంచిలో తనే మోసింది, 400 గ్రాములు. ఎవరి సుఖం వాళ్ళ సంచిలో అనేది మేము పెట్టుకున్న నియమం, అది బాగా పనిచేసింది.

తిండి రాత్రి టెంటులో పెట్టుకోకండి. మా వైపు ఎలుగుబంట్లు ఉన్నాయి, బెల్లం వాసన వాటికి చాలు. మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టి టెంటుకి దూరంగా కొమ్మకి కట్టాం. ఆ డబ్బా బరువు తగ్గించుకోవాలని ఎవరూ అనుకోవద్దు. అలాగే అటవీశాఖ వాళ్ళకి, దిగువ ఊరి పెద్దలకి చెప్పకుండా కొండ మీద రాత్రి ఉండొద్దు.

చివరికి నా సంచి నీళ్ళతో సహా పదిన్నరకి కొంచెం లోపే తూగింది. ఎక్కేటప్పుడు మాటలాడుకుంటూ ఎక్కాం. రాత్రి గాలి వేసింది, రాళ్ళకి చుట్టిన తాళ్ళు నిలిచాయి. పడుకున్నాక పక్కకి తిరిగినప్పుడు తుంటి కింద ఆ సగం మ్యాటు ఉన్నట్టు తెలిసింది, కాళ్ళ దగ్గర లేదు కాబట్టి మడమలకి నేల చల్లదనం తగిలింది, రెండింటికీ తేడా ఒకే ఒంటి మీద ఒకేసారి తెలిసిపోయింది. ఖాళీ సంచిని కాళ్ళ కింద వేసుకుంటే అది కూడా సర్దుకుంది. తొమ్మిది వేల బ్యాగులో మా ఆడపడుచు, రెండు వేల బ్యాగులో నేను, ఇద్దరం తెల్లారేదాకా నిద్రపోయాం.

దేవమాలి సంగతి వేరు. 1672 మీటర్లు, ఒడిశాలో అన్నిటికంటే ఎత్తైన శిఖరం, కానీ కారు దాదాపు పైదాకా పోతుంది. అలాంటి చోటికి బరువు లెక్క అక్కర్లేదు, ఇంట్లో పత్తి బొంతలు, రగ్గులు, స్టీలు గిన్నెలు అన్నీ వేసుకుని పోవచ్చు, కొత్తగా ఏమీ కొనక్కర్లేదు. గాలి మాత్రం అక్కడ బోడికొండ మీద చాలా గట్టిగా కొడుతుంది, నిలువెత్తు ఫ్యామిలీ టెంట్ల కంటే పొట్టిది నయం. మొదటిసారి వెళ్ళేవాళ్ళకి నేను ముందు దేవమాలి లాంటి చోటుకే వెళ్ళమంటాను, చలి అంటే ఏంటో, మీకు ఏది లేకపోతే నిద్ర పట్టదో కారు పక్కనే ఉండగా తెలుస్తుంది, ఆ తర్వాత కొనొచ్చు.

కొన్నాక కాపాడుకోవడం కూడా ఖర్చులో భాగమే, మా తేమ ఊళ్ళలో మరీను. టెంటు తడిగా మడిచి పెడితే వారంలో బూజు, కొన్నేళ్ళకి లోపలి కోటింగు జిగురై ఊడిపోతుంది. ఇంటికి రాగానే మేడ మీద నీడలో తాడుకి వేసి పూర్తిగా ఆరాకే మడవండి, ఎండలో రోజంతా వదలకండి, ఎండకి గుడ్డ చివికిపోతుంది. స్లీపింగ్ బ్యాగుని దాని చిన్న సంచిలో కుక్కి ఉంచితే లోపలి దూది అణిగి లేవదు, పాత దిండు గలీబులో వదులుగా పెట్టి అల్మరాలో పైన పెట్టండి. ఫోమ్ మ్యాటు మంచం కింద పరిచేస్తే చాలు.